మేనమామ చేతులు

పి.ఎస్. కోదండరామ రాజా పెద్ద కూతురు పాప పెళ్ళిలో మేనమామ సుందర రాజా నిండా తాగి ఉన్నాడన్న సంగతి, తాళి కట్టి భోజనాలకు కూర్చునేదాకా ఎవరికీ తెలియలేదు. మద్యనిషేధం ఉన్న రాష్ట్రంలో పట్టపగలు అంత తాగగలగడం ఒక పనితనమైతే, ఆ మత్తులో పెళ్ళికూతుర్ని రెండు చేతుల మీద ఎత్తుకొని లోపలి గది నుంచి పందిరి దాకా ఒక్క కుదుపు లేకుండా మోసుకురావడం మరో పనితనం. మేనమామ అంటే ఇట్లా ఉండాలని చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. భోజనాల దగ్గర వియ్యంకుడు గుమ్మడికాయ కూటు మారు వడ్డించుకున్నప్పుడు, పక్కన కూర్చున్న సుందర "మీ ఊళ్ళో గుమ్మడికాయ కాయదా?" అని నవ్వడం మొదలుపెట్టి, ఆ నవ్వు ఆపుకోలేక విస్తరి మీదికి ఒరిగిపోయాడు. అప్పుడు గాని అసలు విషయం బయటపడలేదు. ఆ వియ్యంకుడు మళ్ళీ ఈ ఇంట్లో గుమ్మడికాయ ముట్టలేదు.

యాభై ఎనిమిదిలో చిన్న కూతురు గోమతికి సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు తండ్రి వెంకటరామ రాజా రాజపాళయంలోనే పెద్ద మనిషి. ఖద్దరు కడతాడు. మద్యనిషేధం గురించి మీటింగులు పెట్టి మాట్లాడతాడు. కాఫీ కూడా ఒక మత్తే అని మానేసి, ఎదుటివాళ్ళు తాగుతుంటే జాలిగా చూస్తాడు. అటువంటి మనిషిని ఇంటికి పిలిచి పక్కన సుందరను కూర్చోబెట్టడానికి కోదండరామకు ధైర్యం చాలలేదు.

భార్య ధనం మేడమీద అప్పడాలు ఎండబెడుతుంటే ఆయన ఎండలో మెట్లెక్కి వచ్చాడు. భార్యకు చెడ్డ మాట చెప్పాలంటే ఆయనకు ఎప్పుడూ ఎత్తయిన చోటు కావాలి.

"సుందర వద్దు. పిల్లను ఎత్తేదానికి విజయరాఘవకు చెప్పినాను" అన్నాడు.

"ఎవరికి?"

"మీ చిన్నాయన కొడుక్కే. వాడేమన్నా అన్నియుడా? నీకు తమ్ముడే దానే?"

"నా కూడబుట్టినవాడు ఉసురుతో ఉండాడు."

"ఉసురుతో ఉండాడు, సరి. నిలువుగా ఉంటాడా అనేదే సందేగం."

ధనం అప్పడాలు తిరగేయడం ఆపింది. వీళ్ళ కుటుంబాల్లో పెళ్ళికూతురు గది దాటింది మొదలు పీట మీద కూర్చునేదాకా కాలు నేలకు తగలకూడదు. తల్లి తమ్ముడో అన్నో ఎత్తుకొని తేవాలి. వాడు లేకపోతే వరస చూసి ఇంకొకరు ఎత్తవచ్చు. కాని ఒకసారి చేతులు మారితే మారినట్టే. ఆ తరువాత ఆ ఇంట్లో మేనమామకు జరగవలసిన మర్యాదలన్నీ, మొదటి తాంబూలం, మొదటి బట్ట, పిల్లల చెవులు కుట్టేటప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం, అన్నీ ఎత్తినవాడికే పోతాయి. బతికున్న మేనమామను పక్కన నిలబెట్టి ఇంకొకడు ఎత్తితే, పక్కన నిలబడ్డవాణ్ణి ఊరు ఇక లెక్కలోకి తీసుకోదు. పెళ్ళికూతురి తల్లికి పుట్టింటి తలుపు మూసినట్టే.

అందులోనూ విజయరాఘవ. ధనం తండ్రి చనిపోయిన ఏడాది చావడిలో అందరి ముందర "పెద్దాయన ఇంట్లో ఇంక మొగ మనిషి లేడు" అన్నవాడు. అప్పుడు సుందర ఆ చావడిలోనే, స్తంభానికి ఆనుకొని కూర్చుని ఉన్నాడు. ఆ రోజు నుంచి ధనం విజయరాఘవకు తన చేత్తో కాఫీ ఇచ్చింది లేదు. ఇప్పుడు వాడి చేతుల్లో తన కూతురు పందిట్లోకి రావాలి.

చివరికి మొగుడూ పెళ్ళాలు ఒక మాటకు వచ్చారు. ముహూర్తం వేళకు సుందర తెలివిలో ఉంటే సుందరే ఎత్తుతాడు. లేకపోతే విజయరాఘవ. ఏది జరిగినా ధనం నలుగురి ముందర ఏడవకూడదు. ఈ చివరి షరతు కోదండరామది. ఆయనకు ఆడవాళ్ళ ఏడుపంటే తాగుబోతుల కంటే భయం.

పెళ్ళి గురువారం. ధనం సోమవారం పొద్దునే తమ్ముణ్ణి పిలిపించింది. సుందర భారీ మనిషి. ఒకప్పుడు జిన్నింగ్ ఫ్యాక్టరీలో పందెం కట్టి దూది బేలు ఎత్తినవాడు. ఇప్పుడు కళ్ళకింద ఉబ్బు, బుగ్గల మీద ఎర్రటి నరాలు. భార్య బిడ్డతో పుట్టింటికి వెళ్ళి తిరిగిరాలేదు. సారా ఎక్కడ కాస్తారో, కొండ కింది తోటల్లో ఏ తోటకు ఏ రోజు పోలీసులు వస్తారో సర్కారు కంటే అతనికే బాగా తెలుసు.

"గోమతి తలమీద చెయ్యి పెట్టి చెప్పు" అంది ధనం.

గోమతి నవ్వింది. "మామా, నన్ను కింద పడేసినావంటే చూడు, మా అత్తగారింటికి నిన్ను రానియ్యను."

"పడేసేదా? నువ్వు బేలు అంత బరువా?" అన్నాడు సుందర. మేనకోడలి తలమీద చెయ్యి పెట్టాడు. తరువాత అక్క వైపు తిరిగి, "కల్యాణం దాంకా కాదక్కా. ఇంక ఎప్పుడూ లేదు. పోదుం, చాలు" అన్నాడు.

ఆ 'ఎప్పుడూ' అన్న మాటను ధనం లెక్కలోకి తీసుకోలేదు. ఆమెకు కావలసింది గురువారం దాకానే.

కాపలాకు తోటలో పనిచేసే మూక్కన్‌ను పెట్టారు. సుందర ఏ గట్టున పడిపోయినా మోసుకొచ్చేది అతనే కాబట్టి, ఈ పనికి అతని కంటే అనుభవస్థుడు లేడు. నీడలా వెంట ఉండాలి, పొద్దునా సాయంత్రమూ నోరు వాసన వస్తోందో లేదో చెప్పాలి, అన్నాడు కోదండరామ.

మూక్కన్ తల గోక్కున్నాడు. "రాజా నోటికాడ నేను ముక్కు పెట్టేది ఎట్లా సామీ?"

"పెట్టొద్దు. గాలి ఆయన మీదుగా వచ్చేట్టు నిలబడు."

మూక్కన్ గాలి చూసుకొని నిలబడ్డాడు. వాసన లేదన్నాడు. సాయంత్రం కూడా లేదన్నాడు. మర్నాడూ అదే మాట. కోదండరామ మొదట మూక్కన్‌ను అనుమానించాడు. తరువాత అతని ముక్కును అనుమానించి, కళ్ళు మూయించి ఇంగువ డబ్బా వాసన చూపించాడు. ముక్కు బాగానే ఉంది.

తాగని సుందరతో ఎలా మసలుకోవాలో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. పందిరి గుంజ వంకరగా ఉందని అతను పట్టుబట్టి తీయించి మళ్ళీ పాతించాడు. అరటి చెట్లు తెచ్చినవాణ్ణి, గెల చిన్నదని వెనక్కి పంపాడు. వంటవాళ్ళతో గొడవ పెట్టుకున్నాడు. తాగినప్పుడే నయమని వంటవాళ్ళు అనుకున్నారు. రోజంతా చెమటలు కారుతూ ఉండేవి. అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. ధనం కాఫీ తెచ్చి ఇస్తే చేత్తో అందుకోకుండా "ఆడ పెట్టుక్కా" అని తిన్నె చూపించేవాడు. ఆమె లోపలికి వెళ్ళినాక గాని తాగేవాడు కాదు. తన ముఖం చూడడానికి తమ్ముడికి సిగ్గుగా ఉందని ధనం అనుకుంది. సిగ్గు వచ్చిందంటే మనిషి బాగుపడినట్టేనని, ఎన్నో ఏళ్ళ తరువాత ఆమె సంతోషంగా ఉంది. బుధవారం మధ్యాహ్నం పూలు కడుతూ కూనిరాగం కూడా తీసింది.

గురువారం పొద్దున ముహూర్తం. సుందర తలంటుకొని, కొత్త వేష్టి కట్టి, నుదుట నామం పెట్టుకొని గది ముందర నిలబడ్డాడు. నామం కొంచెం వంకరగా ఉంది. అది ఎవరూ పట్టించుకోలేదు.

పెళ్ళికూతుర్ని ఎత్తే ముందు, పెళ్ళికొడుకు తండ్రి మేనమామకు తాంబూలం పళ్ళెం ఇవ్వాలి. వెంకటరామ రాజా తెల్లని ఖద్దరులో వచ్చి, వెండి పళ్ళెంలో బట్టలు, ఆకువక్క, కొబ్బరికాయ, కుంకుమ గిన్నె పెట్టి రెండు చేతులా అందించాడు. సుందర అందుకున్నాడు. ఆయన చేతులు వదిలీ వదలగానే పళ్ళెం గడగడలాడింది. కొబ్బరికాయ దొర్లి కిందపడింది. సుందర పళ్ళేన్ని గుండెకు అదుముకోబోతే కుంకుమ గిన్నె ఎగిరి వెంకటరామ రాజా చొక్కా మీద బోర్లా పడింది.

నాదస్వరం వాయించేవాళ్ళు కళ్ళు మూసుకొని వాయిస్తున్నారు కాబట్టి వాద్యం మాత్రం ఆగలేదు. మిగిలినవన్నీ ఆగిపోయాయి.

కోదండరామ మూక్కన్ వైపు చూశాడు. మూక్కన్ ముక్కు తడుముకొని, "లేదు సామీ, సత్తియమా వాసన లేదు" అన్నాడు.

"వాసన లేనిదేదో చిక్కినట్టుండాది" అన్నాడు విజయరాఘవ. అతను అప్పటికే భుజం మీది కండువా తీసి నడుముకు చుట్టుకుంటున్నాడు. "పిల్లను సిద్ధం చేయండి. వేళ పోతాది."

గదిలోంచి గోమతి గొంతు వినిపించింది. "సుందర మామ రాకపోతే నేనే నడిచి వస్తాను." ముత్తైదువలు ఆమె నోరు మూయించారు.

ధనం తమ్ముడి మణికట్టు పట్టుకొని పక్క గదిలోకి లాక్కెళ్ళి తలుపు వేసింది. అది పాప గది. పాప మంచం మీద కూర్చుని మూడు నెలల బిడ్డకు పాలిస్తోంది. ధనం చేతిలో ఆ మణికట్టు చేపలాగా కొట్టుకుంటోంది. తిట్టడానికని దాన్ని పట్టుకున్న ధనం తిట్టడం మరిచిపోయింది. ఆ వణుకు ఆమె ఎరిగినదే.

ఆమె తండ్రి చావడిలో తీర్పులు చెప్పిన మనిషి. పొద్దున లేచేసరికి ఆయన చేతులు ఇట్లాగే ఆడేవి. అమ్మ వంటింటి తలుపు వేసి ఒక లోటా పోసి ఇచ్చేది. కాసేపటికి చేతులు నిలిచేవి. అప్పుడు తన తలపాగా తనే చుట్టుకొని చావడికి వెళ్ళేవాడు. ఎవరైనా వస్తే చెప్పమని అమ్మ ధనాన్ని తలుపు బయట నిలబెట్టేది. ఈవిడే నాయనను చంపుతోందని పరికిణీ వయసులో ధనానికి అర్థమైంది. అమ్మను ఆమె క్షమించలేదు. అమ్మ పోయినప్పుడు కూడా ఊరు చూస్తుందని ఏడ్చింది గాని, లోపల ఏడుపు రాలేదు.

"నేను తాగలేదక్కా" అన్నాడు సుందర.

"తెలుసు."

"గోమతి మీద ఒట్టు పెట్టినాను కదా, దాని మీద..."

"తెలుసు రా. తాగనందుకే ఇది."

సుందర గోడకు ఆనుకున్నాడు. "నిన్నటికి ఈ పొద్దు మేలక్కా. నిన్న పళ్ళు కూడా కొట్టుకునె. గోడ మీద లేనివన్నీ కనిపించె. ఎవరితోనూ చెప్పలేదు. ఈ దినం దాటించినానంటే నిలబడతాదని తోస్తా ఉండాది. సాయంత్రానికి చెయ్యి నిలబడతాది."

"ముహూర్తం సాయంత్రం కాదు" అంది ధనం.

ఆమె చూపు అలమరలో ఉన్న సీసా మీద పడింది. పాపకు ఇచ్చే బాలింత మందు. ఆయుర్వేదం అంగడిలో అమ్మే అరిష్టం. అందులో ఏముందో ఊరంతటికీ తెలుసు. నిషేధం వచ్చినాక ఆ అంగడిలో బాలింతల కంటే మీసాలవాళ్ళే ఎక్కువ కనిపించేవారు. ధనం సీసా తీసి వెండి లోటా నిండా వంచింది.

"అమ్మా, అది నా మరుందు" అంది పాప.

"నువ్వు ఊరుకో."

సుందర లోటాను చూశాడు. చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు. అంత పెద్ద మనిషి గోడ మూలకు జరిగాడు.

"వద్దక్కా. ఇది లోపలికి పోయిందంటే ఇంక నేను ఆగను. నన్ను నాకు తెలుసు. విజయరాఘవను ఎత్తమను. నేను పక్కన నిలబడుకుంటాను. నాకేమీ తక్కువ లేదు."

"నాకు ఉండాది. వాడు ఎత్తినాడంటే మన నాయన ఇల్లు ఈ పొద్దుతో సరి. నా బిడ్డకు అమ్మమ్మగారి ఇల్లని చెప్పుకునేదానికి వాడి వాకిలి చూపించాలా?"

"అక్కా..."

"ఈ ఒక్క సారి. నా కోసరం."

బయట తలుపు తట్టారు. "మామ ముఖం కడుక్కుంటా ఉండాడు, వస్తాడు" అని ధనం గట్టిగా చెప్పింది. ఆమె గొంతు మామూలుగానే ఉంది.

సుందర ఆమె ముఖంలోకి చూశాడు. "నువ్వే చెప్తా ఉండావా, తాగమని?"

"నేనే చెప్తా ఉండాను. తాగు."

లోటా అతని చేతికిస్తే ఒలికిపోతుంది. అందుకని ఒక చెయ్యి అతని మెడ వెనక వేసి, పసివాడికి ఉగ్గు పట్టినట్టు ఆమే నోటి దగ్గర పెట్టి తాగించింది. ఇంకో లోటా పోసింది. అదీ తాగాడు. రెండోసారి అతను తల వెనక్కి లాగలేదు. లోటా వంగకముందే పెదవులు ముందుకు చాపాడు. ధనం అది చూసింది. చూసి, లోటాలో మిగిలిన చుక్క కూడా వంచింది.

కాసేపు అక్కా తమ్ముడూ ఆ చేతుల్ని చూస్తూ కూర్చున్నారు. మొదట కుడి చెయ్యి నిలిచింది. తరువాత ఎడమది. నుదుటి చెమట ఆరింది. ధనం తడిగుడ్డతో అతని మూతి తుడిచి, నామం సరిచేసి, తలుపు తీసింది.

సుందర గోమతిని ఎత్తుకొచ్చిన తీరు గురించి ఆ తరువాత చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. పూలజడ కూడా ఊగలేదు. గోమతి అతని మెడ చుట్టూ చేతులు వేసి నవ్వుతూనే వచ్చింది. పీట మీద కూర్చోబెట్టి లేచేటప్పుడు అతను ఆమె నెత్తిమీద చెయ్యి పెట్టాడు. అప్పుడు ఆ చెయ్యి రాతిలో చెక్కినట్టు కదలకుండా ఉంది. విజయరాఘవ నడుముకు చుట్టుకున్న కండువా విప్పి, దులిపి, మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

వెంకటరామ రాజా చొక్కా మీద కుంకుమ మరకతోనే సుందర దగ్గరికి వచ్చాడు. ముక్కు ఒకసారి ఎగబీల్చగానే ఆయన ముఖం వికసించింది.

"అరిష్టం వాసన! ఒళ్ళు సరిలేదా? అది చెప్పకూడదా అప్పా? మరుందు తాగి వచ్చి పిల్లను ఎత్తినావంటే నీ పాసం, నీ ప్రేమ ఎంత పెద్దది! మేము తప్పుగా అనుకుంటిమి." తరువాత కోదండరామ వైపు తిరిగి, "మరువీడు నాడు మేము విందుకు వచ్చేటప్పుడు ఈయనే మమ్మల్ని పిలవాల. వేరే ఎవరూ వద్దు" అన్నాడు.

కోదండరామకు పోయిన ప్రాణం లేచివచ్చింది. పంక్తిలో సుందరను వియ్యంకుడి పక్కనే కూర్చోబెట్టాడు. గుమ్మడికాయ కూటు వచ్చినా సుందర నవ్వలేదు. విస్తరిలో ఏమీ ముట్టకుండా లేచి, చెయ్యి కడుక్కొని లోపలికి వెళ్ళాడు.

మధ్యాహ్నం పాప వచ్చి తల్లిని పక్కకు పిలిచింది. "అమ్మా, సీసాలో పొద్దున సగం మిగిలి ఉండె. ఇప్పుడు కాలీగా ఉండాది."

ధనం వాకిట్లోకి వచ్చేసరికి మూక్కన్ కోదండరామ ముందర చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు. "సామీ, చిన్న రాజా కొండ పక్క నడిచి పోతా ఉండారు. కూడ పోయేదా?"

"ఇంకేంటికప్పా? ఎత్తేసినాడు దానే? నువ్వు పోయి తిను" అన్నాడు కోదండరామ. ఆయనకు ఆ రోజు అందరి మీదా ప్రేమ పుట్టుకొచ్చింది.

పో, పోయి పట్టుకురా అని చెప్పాలని ధనానికి నోటి దాకా వచ్చింది. తెచ్చాక తాగొద్దని చెప్పాలి. చెప్పవలసింది తానే. తాంబూలం అడుగుతున్నారని ఎవరో పిలిస్తే లోపలికి వెళ్ళిపోయింది.

మరువీడు ఆదివారం. కొత్త జంటతో వెంకటరామ రాజా వాళ్ళు విందుకు వచ్చే రోజు. మేనమామ పళ్ళెం పట్టుకొని వాకిట్లో ఎదురు రావాలి. పొద్దునే కోదండరామ ఇద్దరు మనుషుల్ని సుందర కోసం పంపించాడు. వాళ్ళు వెళ్ళిన తోవన కాకుండా సుందర దొడ్డి తోవన వచ్చాడు. గడ్డం మాసింది. వేష్టి మాత్రం ఉతికింది కట్టుకున్నాడు. వంటింటి గడప బయట నిలబడి, రెండు చేతులూ ముందుకు చాచి అక్కకు చూపించాడు.

"సంబంధి వచ్చే వేళాయె" అన్నాడు.

ధనం ఆ చేతుల్ని చూసింది. అవి గురువారం కంటే ఎక్కువగా ఆడుతున్నాయి. కూరకు తిరగమోత పెట్టి దింపి, చేతులు తుడుచుకొని, పాపను పిలిచింది.

"బిడ్డను తొట్లో వేసి రా. ఇక్కడ తలుపు బయట నిలబడు. ఎవరన్నా వస్తే చెప్పు."

పాప తల్లినీ మేనమామనూ మార్చి మార్చి చూసి, వెళ్ళి నిలబడింది. ధనం తమ్ముణ్ణి లోపలికి రానిచ్చి తలుపు వేసింది. పప్పు డబ్బాల వెనక కొత్త సీసా ఉంది. దాన్ని ముందు రోజే మూక్కన్‌తో తెప్పించి పెట్టింది. పాపకని చెప్పింది.